చుక్క నిలవని కాగితం

యూనివర్సిటీ లైబ్రరీలో చూపులేని విద్యార్థుల చదువుగది గ్రేస్ చేతికొచ్చి పదకొండేళ్లయింది. గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో కాపురం పెట్టిన మనిషి. ఆదివారం చర్చిలో పాడేటప్పుడు తప్ప ఆమె గొంతు పెద్దగా ఎవరూ విని ఎరగరు. తొంభై తొమ్మిది ఆగస్టులో విన్నారు.

ఆ ఏడు బ్రెయిలీ కాగితానికి, అంటే చుక్కలు పొడిచి వేళ్లతో తడిమి చదువుకునే దళసరి కాగితానికి, కరువొచ్చింది. ఎప్పుడూ పంపేవాళ్లు నాలుగు నెలలు ఆగమన్నారు. పరీక్షలు చూస్తే రెండు నెలల్లో ఉన్నాయి. అప్పుడు దివాకర్ అనే రీసెర్చ్ స్కాలర్ ఆమెను తార్నాకలోని ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి, ఢిల్లీ కంపెనీ ఒకదాని వెబ్‌సైట్ చూపించాడు. వారంలో సరుకు పంపుతామని ఉంది. తమ దగ్గర కొన్నవాళ్ల పేర్లలో 'అంబర్‌పేట్ అంధ బాలల పాఠశాల' అని చిరునామాతో సహా కనబడేసరికి గ్రేస్ మనసు కుదుటపడింది. మన పక్కవాళ్లే కొన్నారు, ఇంకేం అనుకుంది. ఈమెయిల్ పెడితే నమూనా కాగితాలు నాలుగు వచ్చాయి.

హిస్టరీ ఎమ్మే చదివే లక్ష్మీనర్సయ్య వాటిని తడిమి చూశాడు. పుట్టు గుడ్డి అతను. అతని వేళ్లంటే గ్రేస్‌కు గురి.

"మస్తుగున్నది మేడం, అట్ట లెక్క," అన్నాడు.

గ్రేస్ మొత్తానికి డీడీ తీయించి పంపేసింది. పెట్టెలు వచ్చిన రోజు పైకట్ట ఒకటి విప్పి చూసి, సంతకం పెట్టి దింపించుకుంది. అడుగు కట్టలు ఎవరూ విప్పలేదు.

పదిహేను రోజులకు లక్ష్మీనర్సయ్య ఒక కాగితాల దొంతర గుండెకు హత్తుకుని వచ్చాడు.

"మేడం, చుక్క నిలుస్తలేదు."

"నిలవకపోవడమేంటి?"

"నాల్గు రోజులు కూసొని ఐదు పాఠాలు రాసుకున్న. గిప్పుడు సదువుదామంటే ఏం లేదు. అంత సాపయింది."

గ్రేస్ ఒక కాగితం అందుకుంది. చేతికి దళసరిగానే తగిలింది. గోటితో అంచు గీకింది. కాగితం రెండు పొరలుగా విడిపోయింది. మామూలు కాగితాలు రెండింటికి జిగురు పూసి అతికించారు! సూదితో పొడిచిన చుక్క వేలి ఒత్తిడికే అణిగిపోతోంది.

ఫోన్ చేస్తే ఢిల్లీలో ఎవరో ఎస్టీడీ బూత్‌వాడు ఎత్తాడు. ఈమెయిల్ వెళ్లినట్టే వెళ్లి తిరిగొచ్చింది.

"పద నాయనా, అంబర్‌పేట్ వెళ్దాం," అని గొడుగు తీసింది గ్రేస్.

ఆ చిరునామాలో బడి లేదు. స్టవ్వులు బాగుచేసే రాజన్న దుకాణం ఉంది.

"గీడ బడేందమ్మా? ఇరవై ఏండ్ల సంది నేనే ఉన్న," అన్నాడు రాజన్న. "పోయిన నెల గూడ ఒకాయన గిట్లనే అడుక్కుంట వచ్చిండు. నల్గొండల కండ్లు లేని పిల్లల హాస్టలంట. పాపం, గా మెట్ల మీదనే కూలబడ్డడు."

గ్రేస్ ఒళ్లు భగ్గుమంది. ఆటోలో ఇరవై నిమిషాల దారి. డీడీ తీయకముందు ఒక్కసారి వచ్చి ఉంటే! ఆ కోపం తన మీద. చూపులేని పిల్లల పేరు చెప్పుకుని చూపులేని పిల్లలనే దోచినవాడి మీద కోపం దానికి పదింతలు.

మర్నాడు లైబ్రరీ ఆఫీసు సూపరింటెండెంట్ వెంకటస్వామి ఫైలు చూసి తేలిగ్గా నవ్వేశాడు.

"ఇడిచిపెట్టు గ్రేసమ్మా. సరుకు ముట్టిందని నువ్వే సంతకం పెట్టినవ్. లొల్లి చేస్తే నీకే మెమో. అయినా వాళ్లకేమన్న కనబడతదా, ఏ కాగితమైతేంది?"

గ్రేస్ దిగ్గున లేచింది.

"వాళ్లకు కనబడేదే ఆ కాగితం మీదండీ!"

ఆ కేకకు పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది.

"మెమో ఇవ్వండి. నా తప్పు నేనే రాసిస్తాను. కట్టలన్నీ విప్పకుండా సంతకం పెట్టాను. సరుకు చూడకముందే మొత్తం డబ్బు పంపాను. పక్కనే ఉన్న చిరునామా ఉందో లేదో వెళ్లి చూడలేదు. అంతా రాస్తాను. కానీ దీన్ని మీ ఫైల్లో పడుకోబెట్టనివ్వను!"

మెమో వచ్చింది. డబ్బు రాలేదు. పోలీసులు ఫిర్యాదు తీసుకున్నారు గానీ, ఇంటర్నెట్‌లో జరిగిన మోసం ఏ స్టేషన్ కిందికొస్తుందో వాళ్లకే తేలలేదు.

గ్రేస్ ఉత్తరాలు రాసింది. దివాకర్ వెతికిచ్చిన అంధుల బడులకు, హాస్టళ్లకు, మొత్తం నూట ఇరవై. కంపెనీ పేరు, ఫోన్ నంబరు, తాను చేసిన పొరపాట్లు, ప్రతి కవర్లో పొరలు విడిపోయిన కాగితం ముక్క. మధ్యాహ్నం అన్నాల వేళ లక్ష్మీనర్సయ్యకు ఆ ఐదు పాఠాలూ మళ్లీ చదివి వినిపించింది. పైకట్టలో మిగిలిన కాస్త మంచి కాగితం మీద అతను మళ్లీ పొడుచుకున్నాడు.

దసరా సెలవులయ్యాక ఏలూరు నుంచి ఒక కార్డు వచ్చింది. అక్కడి అంధుల బడి హెడ్‌మిస్ట్రెస్ బాలలక్ష్మి రాసింది: "డీడీ కవర్లో పెట్టి అంటించబోతుంటే మీ ఉత్తరం అందింది. మాకు చెప్పిన కంపెనీ పేరు వేరు, కింద రాశాను. ఫోన్ నంబరు మాత్రం అదే. ఆపేశాం."

గ్రేస్ చదివి వినిపిస్తే లక్ష్మీనర్సయ్య మొహం విప్పారింది.

"ఒక్క బడినన్న బచాయించినం మేడం."

"పేరు మార్చుకుని ఇంకా అమ్ముతూనే ఉన్నాడు, దొంగ వెధవ," అంది గ్రేస్.

ఆ కొత్త పేరు పైన పెట్టి, పళ్లు బిగించి, నూట ఇరవై ఉత్తరాలూ మళ్లీ రాయడం మొదలుపెట్టింది.