పాలపన్ను మీది చీటీ

ఆమె ఉద్యోగం చచ్చిపోయినవాళ్ల పళ్లు చదవడం. నిన్నా మొన్నా పోయినవాళ్లవి కాదు, రెండువేల ఏళ్ల కిందట పోయినవాళ్లవి. వీధిలో అందరూ ఆమెను పళ్లావిడ అంటారు. ఎవరైనా దవడ పట్టుకుని వస్తే, "నా దగ్గరికి రావాలంటే మీకింకా చాలా టైముందండీ" అని పంపించేస్తుంది. ఆమెను పెంచిన పెద్దమ్మకైతే ఈ ఉద్యోగం ఏనాడూ తలకెక్కలేదు. "ఎవరి పళ్లో బ్రష్షు పెట్టి తోముతుందట. బతికుండగా వాళ్లు కూడా అంత శ్రద్ధగా తోముకుని ఉండరు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ల దగ్గరా వాపోతుంది.

పన్లో ఉన్నప్పుడు మాత్రం ఆమెకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఎముక చెప్పని మాట చీటీ మీద రాస్తే ఊరుకోదు. ఆ మధ్య మురుగుకాలువ కోసం తవ్వుతుంటే ఒక పాత సమాధి బయటపడింది. ఒక ఆడమనిషి, ఆమె మోచేతి వంపులో ఏడాది నిండని పసిబిడ్డ. విద్యార్థులు పెట్టె మీద 'తల్లీ బిడ్డా' అని రాసి, పైగా కళ్లు కూడా తుడుచుకున్నారు. ఆమెకు ఒళ్లు మండింది. "తల్లని మీకెవరు చెప్పారు? ఎముక చెప్పిందా?" అని అడిగి, వాళ్ల ముందే ఆ మాట కొట్టేసి 'ఒక స్త్రీ, ఒక శిశువు' అని రాసింది. రాసిందే గానీ, ఆ మోచేతి వంపు రోజంతా ఆమె కళ్ల ముందు నుంచి కదల్లేదు. తనను అలా ఎవరైనా పట్టుకున్నారా అన్నదే ఆమె దిగులు.

ఆమె పుట్టిన మూడో రోజున కన్నతల్లి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికని, ఎందుకని ఎన్నిసార్లు అడిగినా పెద్దమ్మది ఒకటే జవాబు. "వెళ్లిపోయింది. మూడు రోజులుంది. అంతకంటే నాకూ తెలీదు." చిన్నప్పుడు ఆమె కిటికీ ఊచలు పట్టుకుని కళ్లు కాయలు కాచేలా వీధిలోకి చూసేది. పన్నెండో ఏట, ఆ తల్లి ఎక్కడో దూరపు ఊళ్లో పోయిందని ఉత్తరం వచ్చింది. ఉత్తరం వచ్చాక కిటికీ దగ్గరికి వెళ్లడం మానేసింది గానీ, ఎదురుచూపు మాత్రం మానలేదు. మూడు రోజుల పిల్లను వదిలి ఏ తల్లైనా వెళుతుందా? నెలో, రెండు నెలలో ఒళ్లో పెట్టుకునే ఉంటుంది. చెల్లెలి మీద కోపంతో పెద్దమ్మే తగ్గించి చెబుతోంది. నలభయ్యో ఏడు వచ్చినా ఆమె ఈ నమ్మకాన్ని వదల్లేదు. వదిలితే ఇంకేం మిగలదని భయం.

తేల్చుకునే దారి ఒకటుంది. పదేళ్లప్పుడు ఊడిన పాల దవడపన్ను. పెద్దమ్మ బట్టలు కుట్టేది, ఆ పన్నును గుండీల డబ్బాలో పెట్టి దాచింది. పన్ను పైపూత రోజుకో పొర చొప్పున పెరుగుతుంది. బిడ్డ పుట్టిన రోజున అందులో ఒక నల్లటి గీత పడుతుంది. ఆ గీత తర్వాత బిడ్డ రొమ్ముపాలు తాగితే ఒకలా, డబ్బాపాలు తాగితే ఒకలా, పాల జాడ పొరపొరలోనూ ఉండిపోతుంది. రెండువేల ఏళ్ల నాటి పసివాళ్ల సంగతే చెప్పగలిగినామె తన సంగతి చెప్పుకోలేదా? కానీ చదవాలంటే పన్నును కోయాలి. రంపం మందం మేర అది పొడైపోతుంది. ఇంకో పన్ను లేదు. పైగా, మూడో రోజు తర్వాత పొరలన్నీ డబ్బాపాలే అంటే? తాడో పేడో తేల్చుకోవాలని డబ్బా మూత తీయడం, మళ్లీ పెట్టేయడం, ఏడాదిగా ఇదే తంతు.

ఆ సమాధి బిడ్డ పన్ను కోసిన రోజునే, రంపం ఎలాగూ బిగించి ఉందని తనకు తాను సర్దిచెప్పుకుని, తన పన్ను కూడా కోసేసింది. పల్చటి బిళ్లను అద్దం ముక్క మీద అతికించి, పొరలను చదివే లేజరు గదికి తీసుకెళ్లింది.

"మేడం, దీనికి నంబరు లేదేంటి?" అన్నాడు టెక్నీషియను.

"నాదే."

"మీదా? మీరింకా ఉన్నారుగా!"

"ఉన్నాను గానీ, త్వరగా కానివ్వు."

తెర మీద పాల జాడ చూపే గీత మెల్లగా కదిలింది. పుట్టినరోజు నల్లగీత దాటింది. మూడో రోజు దాటింది. గీత ఎగబాకింది, పడిపోలేదు. నెల, మూడు నెలలు, ఆరు నెలలు. డబ్బాపాల గీత కాదది, ఎన్ని వందలు చూసిందని! పదో నెలలో ఆ పన్ను పైపూతే అయిపోయింది గానీ పాలు అయిపోలేదు. ఆమె అక్కడే స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. టెక్నీషియను కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు. అవి తాగి, చీటీ మీద రాసింది: 'తల్లి పాలు, కనీసం పది నెలలు.'

ఆ మధ్యాహ్నమే ఇంటికి పరుగెత్తింది. పెద్దమ్మ వరండాలో కూర్చుని, సూదిలో దారం ఎక్కక సూదిని తిడుతోంది.

"మూడు రోజులే ఉందని ఎందుకు అబద్ధం చెప్పావు పెద్దమ్మా?" గుమ్మంలోంచే అడిగేసింది. "పన్ను కోసి చూశాను. పది నెలలు పాలు తాగాను నేను. పది నెలలు ఉంది మా అమ్మ. నా దగ్గర ఎందుకు దాచావు?"

"పది నెలలేంటే!" సూది మీదున్న కోపంతోనే పెద్దమ్మ గయ్యిమంది. "రెండేళ్లు నిండేదాకా వదిలితేనా నువ్వు! కాకరకాయ రసం పూసినా మానలేదు."

అని, టక్కున నోరు మూసుకుంది. సూది ఒళ్లోకి జారింది.

ఆమెకు మొదట అర్థం కాలేదు. "అమ్మ రెండేళ్లు ఉందా?" అని ఆశగా అడిగింది కూడా.

పెద్దమ్మ తలెత్తలేదు. "మీ అమ్మ మూడు రోజులే ఉంది. నేనెప్పుడూ నీతో అబద్ధం చెప్పలేదు."

"మరి ఆ పాలు?"

పెద్దమ్మ చీర మీద సూది కోసం తడుముకుంది. "నీకంటే పదిరోజుల ముందు నాకూ ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది రోజులు బతికింది. అది పోయాక కూడా పాలు ఆగలేదు. చీర తడిసిపోయేది. నాలుగో రోజు తెల్లారేసరికి మీ అమ్మ లేదు, నువ్వు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్నావు."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"నీకు పాలిచ్చానని చెప్పాలంటే, ఆ పాలు ఎవరికోసం వచ్చాయో చెప్పాలిగా. నోరు రాలేదే."

పెద్దమ్మకు పిల్లల్లేరు అని మాత్రమే ఆమెకు తెలుసు. నలభై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉండి, కిటికీలోంచి బయటికి చూసిందే తప్ప ఇటు తిరిగి చూడలేదు. తను ఆ ఊచలు పట్టుకుని అమ్మ కోసం ఏడుస్తున్నప్పుడు, వెనక మిషను చప్పుడు ఆగిపోతుండేదని ఇప్పుడు గుర్తొచ్చింది. కింద కూర్చుని పెద్దమ్మ మోచేతి వంపులో తల పెట్టింది. ఎముకలు తగిలేంత సన్నటి చెయ్యి.

"బరువే, లే" అంది పెద్దమ్మ. చెయ్యి మాత్రం తియ్యలేదు. "ఆ పన్నులో మిగతా ముక్క ఉందా, పొడి చేసేశావా?" అంది.

"ఉంది."

"తెచ్చి డబ్బాలో పెట్టు."

మర్నాడు పొద్దున్నే ఆమె ప్రయోగశాలకు వెళ్లి తన చీటీ బయటికి తీసింది. అవి రొమ్ముపాలని పన్ను చెప్పింది గానీ ఎవరి పాలో చెప్పలేదు. చెప్పని మాట రాస్తే విద్యార్థులను చీల్చి చెండాడే మనిషి, తనే ఆ తప్పు చేసింది. పెన్ను తెరిచి 'తల్లి' అన్న మాట మీద పెట్టింది.

"కొట్టేస్తున్నారా మేడం?" అన్నాడు టెక్నీషియను అటుగా వెళుతూ.

"లేదు" అంది పెన్ను మూసేస్తూ. "సరిగ్గానే రాశాను."