బకెట్టూ బంకమన్నూ

కుంచె పిడిని మరకలమ్మ మరోసారి కసుక్కున కొరికింది. పైపూత పొట్టులా లేచి నాలుకకి అంటుకుంది. దాన్ని వేలితో తీసి, కిటికీ వెలుగులో పెట్టి చూసి, కుంచెను ఎడమవైపు బుట్టలో పడేసింది. ఎడమ బుట్టలో పడిన సరుకు వచ్చిన దారినే వెనక్కి పోవాలి. పన్నెండూ పదమూడేళ్ళ పిల్లలు ఆలోచనలో పడితే కుంచె కొరుకుతారు, ఎవరెన్ని చెప్పినా కొరుకుతారు. అందుకని తను కొరికి చూడని కుంచె ఏ బడి గడపా తొక్కకూడదన్నది ఆమె నియమం.

ఊళ్ళోని మిడిల్ స్కూళ్ళన్నిటికీ బొమ్మల క్లాసు సామాను ఎంచడం ఆమె ఉద్యోగం. క్రేయాన్లను బల్ల మీంచి కిందికి తోసి ఏవి విరిగాయో చూస్తుంది. జిగురు సీసాను, పక్కవాడితో అప్పుడే దెబ్బలాడి వచ్చిన పిల్లాడు నొక్కినట్టు, పిడికిలి బిగించి నొక్కుతుంది. రంగుల్ని తన బట్టల మీదే ఒంపుకుని, ఉతికితే పోతాయో లేదో తేల్చుకుంటుంది. చాలామటుకు పోవు. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె మరకలమ్మే, ఆమెకి కూడా ఆ పేరే ఇష్టం.

ఇంట్లోనూ ఈ ఉద్యోగం ఎవర్నీ వదల్లేదు. ఆవేళ పొద్దున భర్త టీకప్పులోకి తొంగిచూసి, "నిన్న దీన్లో తళుకుపొడి తేలింది. చూసుకోకుండా తాగేశాను. లోపలంతా ధగధగలాడిపోతున్నానేమో," అన్నాడు.

"పైకి మాత్రం ఏమీ తేడా తెలియట్లేదులెండి," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ.

ఆవేళతో ఆమె ఉద్యోగం అయిపోతుంది. వీడ్కోలు సభలూ ఉపన్యాసాలూ వద్దని ముందే చెప్పేసింది. ఆమెకి కావలసింది ఒక్కటే. మధ్యాహ్నం జరిగే సామాను ఎంపికలో బంకమన్ను గెలవాలి.

ఈ మట్టికి పాత కథ ఉంది. కొన్నేళ్ళ కిందట ఆమె పట్టుబట్టి బళ్ళన్నిటికీ మట్టి పంపింది. పిల్లలు మోచేతులదాకా ముంచుకుని బొమ్మలు చేశారు. ఆ తర్వాత బుద్ధిగా వరసలో నిలబడి సింకుల్లో చేతులు కడుక్కున్నారు. దాంతో కొంప మునిగింది. ఊళ్ళో ఉన్న సింకులన్నీ మూసుకుపోయి, గొట్టాలు బాగుచేసేవాళ్ళకి పగలూ రాత్రీ తీరిక లేకపోయింది. అప్పట్నించీ ఆఫీసులో మట్టి అన్న మాట వినబడితే చాలు, అందరూ ఫైళ్ళలో మొహాలు దాచుకుంటారు. ఆమె మాత్రం ఏటా సమయం చూసి మళ్ళీ అదే పాట ఎత్తుకుంటుంది.

ఈ ఏడు మట్టికి పోటీగా ఒక కిట్టు వచ్చింది. అందమైన పెట్టె. లోపల ముందే కత్తిరించిన అట్టముక్కలు, వాటిమీద అంకెలు. ఒకటో ముక్కకి రెండోది అతికిస్తూ పోతే చివరికి చిలక తయారవుతుంది. చేతికి మరక అంటదు, నేల పాడవదు. అందరికీ నచ్చింది. క్లాసంతా చేస్తే క్లాసంతా ఒకే చిలక.

"అక్కా, ఇవాళైనా ఆ మట్టి గొడవ వదిలెయ్యి. హాయిగా ఇంటికెళ్ళు," అన్నాడు సామాన్ల గది చూసే అతను. చాలా ఏళ్ళుగా ఆమె కింద పనిచేస్తున్నాడు, సొంత తమ్ముడికన్నా ఎక్కువగా ఆమెతో పోట్లాడతాడు.

"హాయిగా వెళ్దామనేరా ఈ తంటా. నువ్వు నీళ్ళు నింపి ఒక బకెట్టు తెచ్చి తలుపు దగ్గర పెట్టు."

అతను గొణుక్కుంటూనే నింపుకొచ్చాడు.

ఎంపిక సమావేశం ఆమె గదిలోనే జరుగుతుంది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఏ సామాను గురించైనా నోరు విప్పే ముందు దాంతో తమ చేతులతో ఏదో ఒకటి చేసి తీరాలి. డైరెక్టరుగారు వచ్చారు. ఆయన చొక్కా మడతలు ఎప్పుడూ చెదరవు. బళ్ళ తరఫున ఒక హెడ్మిస్ట్రెస్ వచ్చారు. మట్టి పంపిన ఏడు అందరికన్నా ముందు సింకు మూసుకుపోయింది ఆవిడ బళ్ళోనే. రాగానే బకెట్టు వంక అనుమానంగా చూశారు. వెనకాలే ఇద్దరు ముగ్గురు టీచర్లు సర్దుకు కూర్చున్నారు.

ముందు నీటిరంగులు. గదిలో కాసేపు కుంచెల చప్పుడే. అయ్యాక కాగితాలన్నీ గోడకి అంటిస్తే, అన్నిట్లోనూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక ఏరు, ఏటి పక్కన ఇల్లు. డైరెక్టరుగారి ఇంటికి పొగగొట్టం కూడా ఉంది. ఒకరి కొండలు ఒకరు చూసుకుని అందరూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మరకలమ్మ మరీ నవ్వింది. పెద్దవాళ్ళ చేతికి రంగులిస్తే ఏటా ఇవే కొండలు మొలుస్తాయి, అయినా ఆమెకి ఆ నవ్వు పాతబడలేదు.

తర్వాత కిట్టు. చిలకలు చకచకా తయారయ్యాయి. టీచర్లు బాగున్నాయన్నారు.

చివరికి ఆమె ఒక్కొక్కరి ముందూ ఒక మట్టిముద్ద పెట్టింది, తనూ ఒకటి తీసుకుంది. హెడ్మిస్ట్రెస్ చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు.

"మా వరండాలో చెప్పులు పడవల్లా తేలాయమ్మా. నేను మర్చిపోలేదు."

"నేనూ మర్చిపోలేదండి. మట్టి పంపాను గానీ బకెట్టు సంగతి చెప్పలేదు. తప్పు నాదే. చేతులు ముందు బకెట్లో కడిగితే మట్టి అడుక్కి దిగుతుంది. పై నీళ్ళు మొక్కలకి పోసి, అడుగున ఉన్నది మళ్ళీ ముద్దలో కలుపుకోవచ్చు."

"పిల్లలు గుర్తుపెట్టుకోవద్దూ?" అన్నారు ఆవిడ. మరకలమ్మ మట్టిముద్దను ఆవిడ ముందుకి ఇంకాస్త జరిపింది.

"ఇంతకీ దీంతో ఏం చెయ్యాలి?" అన్నారు డైరెక్టరుగారు మట్టిని ఒక్క వేలితో పొడుస్తూ.

"ఏమోనండి. నాకూ తెలీదు."

ఆయన నవ్వి చొక్కా చేతులు మడిచారు. గది నెమ్మదిగా సద్దుమణిగింది. ఈసారి ఎవరి చేతులూ కొండల వైపు పోలేదు. కాసేపటికి హెడ్మిస్ట్రెస్ వేళ్ళు కూడా మట్టిలోకి దిగాయి. ఆవిడ చేస్తున్నది ఒక పాదం. మడమ మీద గోటితో పగుళ్ళు గీశారు.

"మా అమ్మది. బొటనవేలు ఇలా పక్కకి వంగి ఉండేది," అన్నారు ఎవరితోనో తెలియకుండా. "ఇన్నాళ్ళూ నాకు గుర్తుందనే తెలీదు."

పక్కన డైరెక్టరుగారు ఒక జంతువుకి తోక అతికించలేక అవస్థ పడుతున్నారు.

"ఏనుగాండీ?" అంది మరకలమ్మ.

"కుక్క. చిన్నప్పుడు మా ఇంట్లో ఉండేది." ఆయన దాన్ని కాస్త దూరంగా పెట్టి చూసుకున్నారు. "అదీ ఇంత లావుగానే ఉండేది."

తోక మూడోసారి ఊడిపోయింది. చేతులు కడుక్కుని మళ్ళీ మొదలుపెడదామని ఆయన లేచి, అలవాటు కొద్దీ గది మూల ఉన్న సింకు వైపు నడిచారు. కుళాయి తిప్పబోతున్నారు.

"ఆగండి!" హెడ్మిస్ట్రెస్ కేక పెట్టారు. బళ్ళో పిల్లల్ని ఆపే గొంతు అది. "సింకులో కాదు! బకెట్లో!"

డైరెక్టరుగారు ఉలిక్కిపడి చేతులు పైకెత్తి నిలబడిపోయారు. తన నోటివెంట ఏం వచ్చిందో హెడ్మిస్ట్రెస్‌కి అప్పుడు తెలిసింది. ముందు ఆవిడే నవ్వారు.

"సరే, పంపించండి. మా బళ్ళో బకెట్టు పక్కన నేనే నిలబడతాను," అన్నారు.

డైరెక్టరుగారు బుద్ధిగా బకెట్లో చేతులు ముంచి, నీళ్ళు కారుతుండగానే మట్టి పేరు ఖాయం చేశారు. మరకలమ్మకి ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఇంత సంతోషంతో ఈ ఉద్యోగం విడిచిపెడతానని ఆమె అనుకోలేదు.

పని అయిపోయినా ఎవరూ లేవలేదు. ఆయనకి తోక నిలబెట్టాలి, ఆవిడకి రెండో పాదం చెయ్యాలి. టీచర్లు తోక ఎలా అతకాలో తలా ఒక సలహా ఇస్తున్నారు. మరకలమ్మ చేతులు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని, తలుపు దగ్గర సామాన్ల గది అతని చేతిలో తాళాలు పెట్టింది.

"వాళ్ళకి చెప్పి వెళ్ళవా అక్కా?" అన్నాడు అతను.

"ఇప్పుడు లేపితే పాపం తగుల్తుంది. ఆడుకోనీరా."

అతని బుగ్గ మీద తట్టి మెట్లు దిగిపోయింది. బుగ్గ మీద మట్టి అంటింది, అతను తుడుచుకోలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆమె బల్ల మీద ఆమె మట్టిముద్ద ఒక్కటే మిగిలింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఊరికే పిసికినట్టుంది, ఇంకా ఏ బొమ్మా కాలేదు. ఆరిపోకుండా దానిమీద ఎవరో తడిగుడ్డ కప్పారు. ఆ బల్లకి ఇంకో మనిషి వచ్చేదాకా ఆ గుడ్డ ఒక్క రోజూ ఆరలేదు.