మేస్త్రి పీకిన గడియ

"నాన్నా! బాత్రూమ్ గడియ ఏదీ?"

పొద్దున్నే కూతురు పెట్టిన కేకకి వడ్రంగి మేస్త్రి చేతిలో చిత్రిక ఆగిపోయింది. గడియ ఆయన చొక్కా జేబులోనే ఉంది, నాలుగు మరలతో సహా. పిల్ల లోపల స్పృహ తప్పి పడిపోతే తలుపు పగలగొట్టేసరికి ఆలస్యమైపోతుందని, ఇంకా ఎవరూ లేవకముందే ఊడబీకేశాడు. ఆ మాట పైకి అనడానికి నోరు రాలేదు.

"తుప్పు పట్టింది తల్లీ. మార్చాలి."

"నిన్న మెరిసిన గడియకి తెల్లారేసరికి తుప్పు పట్టిందా? చోద్యం కాకపోతే!" అంది వంటింట్లోంచి భార్య.

పిల్లకి ఇరవై రెండేళ్లు. చిన్నప్పటి నుంచీ అందరూ పిడుగు అనే పిలుస్తారు. పిలుపుకి తగ్గట్టే వెళ్లి వెళ్లి మంటలార్పే దళంలో ఉద్యోగం తెచ్చుకుంది. సోమవారం శిక్షణలో చేరాలి. చేరేముందు చేసే పరీక్షల్లో అక్కడి డాక్టరు గుండె దగ్గర విని, "టక్కుమని అదనంగా ఓ చప్పుడు వినిపిస్తోంది, గుండె డాక్టరుకి చూపించండి" అన్నాడు. మూడు రోజుల కిందట తండ్రీకూతుళ్లు వెళ్లారు. డాక్టరమ్మ స్కానింగ్ చేసింది. మేస్త్రి చేసే పనేమిటో అడిగి, ఆయన భాషలోనే చెబుదామనుకుంది పాపం.

"గుండెలో పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల తలుపులాంటిది ఉంటుందండీ. మైట్రల్ వాల్వ్ అంటాం. మీ అమ్మాయికి ఆ రెక్కలు కాస్త వదులు. మూసుకునేటప్పుడు చట్రం దాటి వెనక్కి ఉబుకుతున్నాయి. దీన్ని ప్రొలాప్స్ అంటారు. ఆ టక్కు దానిదే. రవ్వంత రక్తం వెనక్కి కారుతోంది."

తర్వాత ఆమె చాలాసేపే మాట్లాడింది. మేస్త్రికి ఒక్క ముక్క చెవికెక్కలేదు. చట్రం దాటిన రెక్క అనగానే ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

ముప్పై ఐదేళ్లుగా తలుపులు బిగిస్తున్న మనిషి. చట్రం దాటే రెక్క సంగతి తనకి తెలిసినంత ఏ డాక్టరుకీ తెలియదని ఆయన నమ్మకం. ముందు మడతబందు వదులవుతుంది. తర్వాత మరలు ఒక్కొక్కటే ఊడతాయి. ఒకసారి ఓ బడిలో అలా టక్కుటక్కుమనే తలుపు చూసి, "రేపొచ్చి బిగిస్తాలే" అని వచ్చేశాడు. ఆ సాయంత్రమే రెక్క ఊడి కాపలా ముసలాయన పాదం మీద పడింది. ఆయన ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఎదురైతే నవ్వుతూ పలకరిస్తాడు, మేస్త్రికి అదే భరించలేనిది.

అందుకే, శిక్షణకి వెళ్లొచ్చని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం పనిముట్ల పెట్టెలో ఉలుల కిందికి చేరింది. పిల్ల ఇల్లంతా గాలిస్తోంది. మేస్త్రి కూడా వెతుకుతున్నట్టు మంచాల కింద దూరి, దుమ్ము పట్టించుకుని బయటికొస్తున్నాడు. ముద్ద దిగడం లేదు. పిల్ల మెట్లెక్కితే ఈయనకి ఆయాసం వస్తోంది.

ఆ మధ్యాహ్నం పిడుగు కుర్చీలో కునుకు తీస్తోంది. మేస్త్రి పిల్లిలా వెనక్కి చేరి మోకాళ్ల మీద కూర్చుని, కుర్చీ వీపుకి చెవి ఆనించాడు. చెక్కలో ఎక్కడ వదులుందో ఆయన అలాగే పట్టేవాడు. దడదడ వినిపించింది. అది పిల్లదో తనదో తెలియలేదు. ఊపిరి బిగబట్టి ఇంకా అదిమి విన్నాడు.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

దొరికిపోయాడు. తడబడుతూ పెట్టె తెరిచి, కాగితం తీసి చేతిలో పెట్టాడు. "నువ్వు వెళ్లొద్దు తల్లీ. నాకు భయంగా ఉంది," అన్నాడు.

పిడుగు మొహం ఎర్రబడింది. నాలుగు దులుపుదామనుకుంది గానీ, ఇచ్చిన కాగితం కొసని ఆయన ఇంకా వదలకపోవడం చూసి ఆగింది. "రేపు డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఈసారి చివరిదాకా విను."

డాక్టరమ్మ గదిలో మేస్త్రి కూర్చోకుండానే అడిగాడు. "తీసేసి కొత్తది బిగించండమ్మా. ఎంత పెద్ద ఆపరేషనైనా సరే."

"బిగించే అవసరం లేదండీ. చాలామందికి ఇది ముసలితనం దాకా ఇలాగే ఉండిపోతుంది. ఉన్నట్టు కూడా తెలియదు. ఏ కొద్దిమందికో కారడం ఎక్కువవుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి స్కానింగ్ చేయించమన్నాను. ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడినా, దడ ఆగకపోయినా వెంటనే రమ్మన్నాను. ప్రస్తుతం అమ్మాయికి ఏ పనికీ అడ్డు లేదు."

"టక్కుమనే తలుపు నిలబడదమ్మా. నేను చూశాను."

ఆమె స్టెతస్కోపు చెవులకి తగిలించుకుని, "చొక్కా గుండీలు విప్పండి," అంది.

"నాకెందుకండీ?"

"ఇది ఇంట్లో ఒకరికుంటే ఇంకొకరికి ఉండొచ్చు, మీరూ మీ ఆవిడా చూపించుకోండని ఆ రోజే చెప్పాను. మీరు ఈ లోకంలో లేరు."

చల్లటి బిళ్ల ఛాతీకి తగిలింది. డాక్టరమ్మ విని, గొట్టం చెవుల నుంచి తీసి పిడుగు చెవులకి పెట్టింది. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"టక్కుమంటోంది," అంది మెల్లగా.

స్కానింగ్ కూడా అదే చెప్పింది. అవే వదులు రెక్కలు, అదే రవ్వంత కారడం.

"ఎన్నేళ్లండీ మీకు?"

"యాభై ఎనిమిది."

"టేకు తలుపులు మీరే మోస్తారా?"

"మూడంతస్తులైనా... నేనొక్కణ్ణే," అన్నాడు మేస్త్రి. ఇన్నేళ్లూ ఆ చప్పుడు తన లోపలే పెట్టుకుని తిరిగాడన్నమాట. అంతలోనే ఇంకో మాట గుండెలో గుచ్చుకుంది. "అయితే నీకు ఇచ్చింది నేనేనా తల్లీ?"

"ఈ ముక్కూ నువ్విచ్చిందే. నా కోపమంతా దాని మీద," అంది పిడుగు, ఆయన గుండీలు పెడుతూ.

ఇంటికొచ్చి చెబితే, "విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా?" అంటూనే భార్య కళ్లు తుడుచుకుంది. వచ్చేవారం తనూ చూపించుకుంటానంది.

ఆదివారం మేస్త్రి జేబులోంచి గడియ తీసి, నాలుగు మరలూ పాత చోటే బిగించాడు. పిల్ల సంచిలో కాగితం ఉందో లేదో రెండుసార్లు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు.

"నాన్నా!" బయటినుంచి పిడుగు అరిచింది. "గడియ పెట్టుకోకు! లోపల పడిపోతే?"

ఆ గొంతులో ఆటపట్టించడం సగమే. మిగతా సగం ఏమిటో మేస్త్రికి బాగా తెలుసు, నాలుగు రోజులు దానితోనే కాపురం చేశాడు. చెయ్యి గడియ మీద అలాగే ఉండిపోయింది. ఛాతీలో దడదడ. రేపు పొద్దున పిల్ల మంటల్లో దూకడం నేర్చుకోవడానికి వెళుతుంది.

ఇంటిల్లిపాదికీ వినిపించేలా గడియ వేసుకున్నాడు.