జబల్పూర్‌లో ఆగే పని లేదు

శారద పొద్దుటి నుంచి కాలుస్తున్న జొన్నరొట్టెలు నూరు దాటాయి. పెనం మీద గుడ్డతో ఒత్తి ఒత్తి తేమంతా పోయేదాకా కాలిస్తే కడక్ రొట్టె పదిహేను రోజులైనా చెడదు. రేపు తెల్లవారితే ప్రయాణం. ఆదోని నుంచి కాశీ, అక్కడి నుంచి హరిద్వారం, మళ్లీ ఇల్లు, పద్నాలుగు రోజులూ కారులోనే. మామగారు బాలకృష్ణయ్య బయటివాళ్లు వండింది ముట్టరు. అందుకని రొట్టెలు, శెనక్కాయల పొడి, చింతపండు గుజ్జు, ఇవి చాలవని రోజూ రెండు పూటలా అన్నం పప్పు వండడానికి కుక్కరు, ఒంటి పొయ్యి, చిన్న సిలిండరు. ఏడుగురు పట్టే కొత్త కారులో వెనక సీట్లు మడిచేసి, వంటిల్లంతా అందులో సర్దించాడు ఆమె భర్త శ్రీధర్. "ఇల్లే కదిలి పోతాంది సూడండి" అని పక్కింటివాళ్లకు చూపించి మురిసిపోయాడు. ఇల్లే కదిలి వెంటొస్తే ఇల్లాలికి ఇక ప్రయాణం ఎక్కడిదో ఆ మహానుభావుడికి తట్టలేదు. పక్కింటివాళ్లు కూడా బాగుందనే అన్నారు.

నిన్నటి నుంచి శారదకు కాలు ఒకచోట నిలవడం లేదు. మందుల డబ్బా మూడుసార్లు సర్దింది, మూడుసార్లూ విప్పింది. మామకు బీపీ మాత్రలు, అత్తకు మోకాళ్ల నూనె, కూతురు హర్షితకు వాంతుల బిళ్లలు అన్నీ ఉన్నాయి. ఉన్నాయని తెలిసీ మళ్లీ చూస్తుంది. వంటింట్లోంచి కారు దగ్గరకు వెళ్తుంది, ఎందుకు వచ్చిందో మరిచిపోయి తిరిగి వస్తుంది. ప్రయాణం హడావుడి అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఆమెకు మాత్రం తెలుసు, అది కోపం. ఎవరి మీద చూపాలో తెలియక కాళ్లలోకి దిగింది.

ఆరు వారాల కిందట, పత్తి సీజను అయిపోయి తమ జిన్నింగు మిల్లు మూసిన సాయంత్రం, శ్రీధర్ ఈ ప్రయాణం మాటెత్తి అందరినీ ఏమేం చూడాలో అడిగాడు. పనిలో పనిగా ఆమెనూ అడిగాడు. "నీకేమన్నా సూడాలని ఉందా?" ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట అడగడం అదే మొదలు. ఇంకా విచిత్రం, జవాబు ఆమె నాలిక మీదే ఉంది. జబల్పూర్ దగ్గర నర్మద బండల మీది నుంచి దూకే చోటు. హర్షిత ఎప్పుడో ఫోనులో చూపించింది. ఎమ్మిగనూరులో పుట్టింట్లోనూ ఇక్కడ మెట్టినింట్లోనూ శారద బతుకంతా కుళాయికి చెవులప్పగించే గడిచింది. నీళ్లొచ్చే రోజు ఆమె పెళ్లికి పోకూడదు, జ్వరాన పడకూడదు. తొట్టి, డ్రమ్ము, బిందెలు, చివరికి పాలగిన్నె కూడా నింపుకోవాలి. ఎవరూ బిందె పెట్టనక్కర్లేని నీళ్లు వాటి పాటికవి పడుతూ ఉంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి, అంతే ఆమెకు కావలసింది. పెద్ద కోరికలా వినబడుతుందేమోనని సిగ్గుపడి, "దారిలోనే కదా, ఒక్క పూట చాలు" అంది. శ్రీధర్ రాసుకున్నాడు కూడా.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఆ కాగితాన్నే సాపు రాసి తెచ్చి చదివాడు. అందులో నాగపూర్‌లో పత్తి వ్యాపారపు స్నేహితుడింట్లో సగం రోజు అలాగే ఉంది. నర్మద లేదు.

"జబల్పూర్‌లో ఆగే పని లేదు" అన్నాడు. "పొద్దున వంటకు రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పోతాంది. యాడో ఒకసోట తగ్గించుకోవాల్ల కదా."

ఆమె పెరుగు వడ్డించింది. రాత్రంతా ఆ మాటే తొలిచింది. వండేది తను, ఆ వంట కోసం పోయేదీ తన పూటే. రోజుకు నాలుగు గంటల చొప్పున పద్నాలుగు రోజులు. రొట్టె తిప్పుతూ లెక్కవేస్తే రెండు పగళ్లు రెండు రాత్రులు పోనూ ఇంకా మిగిలాయి. నర్మద ఒడ్డున ఒక్క పూట ఎక్కువైందట. శారదకు ఒళ్లు మండింది. చేతిలో రొట్టె మాడింది. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, వీధిలోకి నడిచింది.

కారు వెనక తలుపు తెరిచి ఒంటి పొయ్యిని కిందికి దించింది. టైర్లలో గాలి చూస్తున్న శ్రీధర్ లేచి వచ్చాడు.

"దాన్నెందుకు దించుతాండావు?"

"మామకు రొట్టెలుండాయి, పొడులుండాయి. పెరుగు ఏ ఊళ్లోనైనా దొరుకుతాది. మనం దారిలో తిందాం. ఆ గంటలు నాకు కావాల. జబల్పూర్‌లో ఆగుదాం."

శ్రీధర్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. వంగి పొయ్యిని మళ్లీ ఎత్తుకున్నాడు, లోపల పెట్టడానికి. అరుగు మీద కుర్చీలో ఉన్న బాలకృష్ణయ్యకు కోపం రాలేదు. తెలియని పిల్లకు చెప్పినట్టు మెల్లగానే చెప్పాడు. ముప్పై ఏళ్ల కిందట బస్సులో కాశీకి పోయినప్పుడు మీ అత్త పన్నెండు మందికి వండింది, ఒక్క మాట అనలేదు, యాత్ర అంటే అట్లా ఉంటుంది అన్నాడు.

మెట్టు మీద కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతున్న అత్త తలెత్తలేదు.

"నేను గంగను సూడలేదు" అంది.

బాలకృష్ణయ్య అటు తిరిగాడు. "ఏం మాటది? గంగ సల్లగా ఉంటాదని ఊరందరికీ సెప్తివి కదా."

"మీరొచ్చి సల్లగా ఉందంటిరి, అదే సెప్పినా. మీరంతా స్నానానికి పోయినప్పుడు సత్రంలో పప్పు ఉడుకుతాండె. మీరొచ్చి తింటిరి, బస్సెక్కితిమి. నేను సూసింది మీరు చెంబులో తెచ్చిన గంగనే, ఈడికొచ్చి మూత తీసినాక."

శ్రీధర్ పొయ్యి చేతుల్లో పట్టుకుని వీధి మధ్యలో అలాగే నిలబడ్డాడు. అత్త ఇంకో తువ్వాలు తీసి ఒళ్లో పరుచుకుంది.

"ఆ సిలిండరు గూడా దించు శారదా" అంది.