మూడో చప్పుడు

రాత్రంతా బేసిన్ మీద బోర్లించి ఉంచిన టార్క్ కన్వర్టర్‌ను వీరబ్రహ్మం రెండు చేతులా పైకెత్తి, దాని మెడ కిందికి ఉండేలా ఇంకాసేపు పట్టుకున్నాడు. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య కూర్చునే, రెండు లోతు పళ్ళేలను అంచులు కలిపి అతికినట్టుండే ఆ ఇనప గుండిగ లోంచి చివరి నూనె సన్నగా జారి, చుక్కలై, ఆగిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి, బేసిన్‌లో రెండు వేళ్ళు ముంచి బొటనవేలితో రుద్ది చూశాడు. ఇసుక తగల్లేదు. వాసన చూశాడు. మాడు వాసన లేదు. అయస్కాంతం ముక్కను ఆ ఎర్రటి నూనెలో తిప్పి వెలుతురులో పెట్టి చూశాడు. ఇనప రజను అంటుకోలేదు.

నూనె బాగుందంటే కన్వర్టర్ బాగున్నట్టే. పాత బండిలోంచి ఊడదీసి తెచ్చిన గేర్‌బాక్సుతో పాటు దీన్నే మళ్ళీ బిగించుకోవచ్చు. ఇంకోరోజైతే వీరబ్రహ్మం ఈల వేసి ఉండేవాడు.

"బాగానే ఉందా అండి?" అంది టిఫిను తెచ్చిన పాపాయి, భర్త మొహం చూసి.

"ఊఁ."

"అయితే అబ్రహాము అన్నయ్యగారు ఇవాళే ఎల్లిపోతారా?"

అతను గుడ్డ కోసం చెయ్యి చాపాడు. ఆ షెడ్డులో గేర్‌బాక్సు పనికి పాపాయి పాత నూలు చీరలే వాడతారు. ఉతికి ఉతికి పలచబడిన చీర నుంచి పీచు రాలదు. పీచు లోపలికి పోతే సన్నటి నూనె దారులు మూసుకుపోతాయి.

"పాడైపోయిందని చెప్పండి. ఇంకోటి బెజవాడ నుంచి రావాలని చెప్పండి. ఓ నెల గడుస్తుంది. ఈలోగా ఆయన మనసు మారదా ఏంటి?"

"నువ్వు పద. ఇడ్లీలు చల్లారిపోతాయి" అన్నాడు వీరబ్రహ్మం, ఇడ్లీలు తన ముందే ఉన్నా.

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే రోడ్డు మీద, కాలవ గట్టును ఆనుకుని ఉంది ఆ రేకుల షెడ్డు. బోర్డు మీద పేర్లు రెండు: వీరబ్రహ్మం, అబ్రహాము. ఒకే మేస్త్రి దగ్గర నట్లు కడగడంతో మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళుగా ఒకే బండి కింద పక్కపక్కన పడుకుని పని చేసినవాళ్ళు. పోయినేడు అబ్రహాము ఎడమ పాదంలో ఇనప ముక్క గుచ్చుకుంది. షుగరు మనిషి. పుండు మానలేదు. మోకాలి కింద తీసేశారు.

తర్వాత అబ్రహాము రోజూ వచ్చి షెడ్డులో ముక్కాలి పీట మీద కూర్చునేవాడు. వీరబ్రహ్మం అతన్ని ఏ పనికీ వంగనిచ్చేవాడు కాదు. పీట వేసేవాడు, టీ తెప్పించేవాడు, సాయంత్రం ఆటో ఎక్కించేవాడు. ఓ రోజు అబ్రహాము, "నన్ను చూడ్డానికి వచ్చిన చుట్టంలా చేసేశావురా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ వారంలోనే ఉప్పాడలో ఉన్న చెల్లెలు బేబికి ఫోన్ చేశాడు. ఆమె భర్త సుకుమార్ పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. ఇంజను విప్పి బల్ల మీద పెడితే కూర్చునే పని చెయ్యొచ్చు. అబ్రహాము రమ్మనిపించుకోలేదు, వస్తానని చెప్పాడు.

ఒకరి ఆటో ఎక్కి వెళ్ళడం మాత్రం అతనికి ఇష్టం లేదు. క్లచ్ లేని ఆటోమేటిక్ కారు ఒకటి, వరదల్లో మునిగి గేర్‌బాక్సు పాడైపోయినది, చవగ్గా దొరికితే తీసుకున్నాడు. గేర్‌బాక్సు తెరిస్తే లోపలి నూనె లస్సీలా తెల్లగా విరిగిపోయి ఉంది. దాని కన్వర్టర్ కూడా పనికిరాదు. వెనక నుంచి లారీ గుద్దిన ఇలాంటి బండే ఇంకొకటి దొరికితే, దాని గేర్‌బాక్సు, కన్వర్టర్ కలిపి తెచ్చుకున్నారు. "ఇది కదిలిన రోజే నేనూ కదుల్తాను" అని అబ్రహాము ముందే చెప్పాడు.

అతను వచ్చేసరికి ఎండ షెడ్డులోకి వచ్చింది. చంకలో కర్ర, భుజాన సంచి, చేతిలో కాగితం పొట్లం.

"కొత్త చెప్పులు" అన్నాడు పొట్లం విప్పుతూ. "ఒక్కటే ఇవ్వవయ్యా అంటే షాపువాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. కాలు చూపించాక కూడా రెండూ కట్టి ఇచ్చాడు."

కుడిది తొడుక్కుని ఎడమది పక్కన పెట్టాడు. "ఏంటి, దాని సంగతి తేలిందా?"

వీరబ్రహ్మం కన్వర్టర్ మెడను చీర ముక్కతో తుడుస్తున్నాడు. గేర్‌బాక్సులోని నూనె పంపును తిప్పేది ఆ మెడే. దాని చుట్టూ రబ్బరు సీలు ఆనే చోట గీత పడితే నూనె కారుతుంది.

"గీత ఉన్నట్టుందిరా" అన్నాడు తలెత్తకుండా. "మార్చాలేమో."

అబ్రహాము ఒళ్ళో గోనెపట్టా వేసుకుని, తెమ్మన్నట్టు చేతులు చాపాడు. వీరబ్రహ్మం ఆ బరువును మెల్లిగా అతని ఒళ్ళో పెట్టాడు. అబ్రహాము కళ్ళు మూసుకుని బొటనవేలి గోరును మెడ పొడుగునా నడిపాడు. కొంచెం తిప్పి మళ్ళీ నడిపాడు. చుట్టూ తిరిగి వచ్చేదాకా ఆపలేదు. గోరు ఎక్కడా ఆగలేదు.

"నా గోరుకి తగల్లేదు."

"నాకు తగిలిందిరా."

"అయితే నీ గోరు పెరిగింది. కత్తిరించుకో" అన్నాడు అబ్రహాము. కళ్ళు తెరిచి స్నేహితుడి మొహంలోకి చూశాడు. "బ్రహ్మం, రోజూ నువ్వు పని చేస్తుంటే చూస్తూ కూర్చోడం ఎలా ఉంటదో నీకు తెలీదురా. చెయ్యి ఖాళీగా ఉంటే నాకు అన్నం లోపలికి పోవట్లేదు."

కాలవ మీద పిట్ట ఒకటి అరుచుకుంటూ పోయింది. వీరబ్రహ్మం కన్వర్టర్‌ను తీసుకున్నాడు. డబ్బా మూత విప్పి, దాని మెడలోంచి కొత్త నూనె పోయడం మొదలుపెట్టాడు. ఇక మధ్యాహ్నం దాకా అతని చేతులు ఆగలేదు.

గేర్‌బాక్సును పాత టైరు మీద నోరు పైకి ఉండేలా నిలబెట్టాడు. కన్వర్టర్‌ను నిటారుగా దించి, రెండు అరచేతులూ ఆన్చి నెమ్మదిగా తిప్పాడు. అది కూర్చునేటప్పుడు మూడు మెట్లు దిగాలి. ఒక్కో మెట్టుకు లోపల ఒక చప్పుడు. రెండు దిగగానే చూసేవాళ్ళకు పూర్తిగా కూర్చున్నట్టే ఉంటుంది. అలా అనుకుని బోల్టులు బిగిస్తే పంపు చితికిపోతుంది. తొలిరోజుల్లో ఓ రైసుమిల్లు ఆసామి బండికి వీళ్ళిద్దరూ అదే చేశారు. నువ్వు చూశావనుకున్నానంటే నువ్వు చూశావనుకున్నానని పోట్లాడుకున్నారు కూడా. అప్పటి నుంచి షెడ్డులో ఒక కట్టుబాటు వచ్చింది. కూర్చోబెట్టినవాడు బోల్టు ముట్టుకోడు. రెండోవాడు చెయ్యి పెట్టి, "కూర్చుంది" అన్నాకే బిగింపు.

టక్. కాసేపటికి ఇంకో టక్. మూడోది రాలేదు. వీరబ్రహ్మం నుదుటి చెమట కన్వర్టర్ మీద పడింది. తుడిచి, పైకి తీసి, మళ్ళీ మొదటి నుంచి దించాడు. ఒకటి. రెండు. కాస్త వెనక్కి తిప్పి, బరువు వదిలేసి, ఊపిరి బిగబట్టాడు. బావిలో గులకరాయి పడ్డట్టు, లోపలెక్కడో మూడో చప్పుడు వినిపించింది.

అబ్రహాము పీటతో సహా ముందుకు జరిగి చేతులు పెట్టాడు. తిప్పాడు, ఊపాడు, గేర్‌బాక్సు అంచుకు అడ్డంగా ఇనప బద్ద పెట్టి లోతు చూశాడు.

"కూర్చుంది."

ఇంజను కింద జాకీ మీద గేర్‌బాక్సును పైకి లేపి, కన్వర్టర్ జారకుండా ఒక చేత్తో అదిమి పట్టి, అంగుళం అంగుళం దగ్గరికి చేర్చాడు వీరబ్రహ్మం. రెండు అంచులూ సందు లేకుండా ఆనుకున్నాయి. చుట్టూ బోల్టులు బిగించాడు. ఇప్పుడు కూడా లోపల కన్వర్టర్ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. అది చూడాల్సింది రెండోవాడు.

"ఉండు, ఫోన్లో వీడియో తీసి చూపిస్తాను" అన్నాడు.

"చెయ్యి పెట్టాలన్న చోట వీడియో ఏంట్రా" అంటూ అబ్రహాము పీట మీంచి కిందికి జారాడు. గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని, మోచేతులతో డేక్కుంటూ బండి కిందికి వచ్చాడు. "ఒక కాలు లేకపోతే ఇక్కడ చోటు బాగానే కలిసొస్తోంది. ఇన్నాళ్ళూ తెలీలేదు."

వీరబ్రహ్మం పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన పడుకున్నారు. భుజాలు ఎప్పట్లాగే రాసుకున్నాయి. అబ్రహాము కిటికీ లాంటి చిన్న సందులోంచి వేళ్ళు దూర్చి కన్వర్టర్‌ను తిప్పాడు. నూనె లోపల గలగలమంది. అతను చెయ్యి వెంటనే తియ్యలేదు. వీరబ్రహ్మం తియ్యమనలేదు.

"ఇక దీన్ని ఇంజనుకు బిగించు" అన్నాడు అబ్రహాము చివరికి.

పాపాయి అన్నం తెచ్చేసరికి ఇంజను నడుస్తోంది. వీరబ్రహ్మం నూనె మట్టం చూసి, ఇంకొంచెం పోసి, మళ్ళీ చూశాడు. అబ్రహాము డ్రైవరు సీట్లో, తను పక్కన కూర్చుని దిగమర్రు దాకా వెళ్ళొచ్చారు. బండి కుదుపు లేకుండా గేర్లు మార్చుకుంది. మొదటి మలుపులో అబ్రహాము తొడ ఎడమ వైపు అదిరింది.

"ఇంకా క్లచ్ తొక్కుతున్నానురా" అన్నాడు. "ఇక్కడ అదీ లేదు, ఇదీ లేదు."

అన్నాలయ్యాయి. పాపాయి ఆవకాయ సీసా సంచిలో సర్దింది. "ఉంటే బాగుండేది అన్నయ్యగారూ" అని మాత్రం అంది.

"ఉంటే మీ ఆయన నన్ను ఉయ్యాల్లో పడుకోబెట్టేస్తాడమ్మా."

వీరబ్రహ్మం అద్దం తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. "నెల తిరక్కుండా నూనె ఒకసారి మార్చాలి. పాత గేర్‌బాక్సు కదా. ఇంకెవడి చేతా ముట్టించకు."

"ఎవడున్నాడ్రా ముట్టించడానికి" అన్నాడు అబ్రహాము. కిటికీలోంచి చెయ్యి చాపి స్నేహితుడి అరచేతిని పట్టుకున్నాడు. బొటనవేలితో అతని గోరు మీద ఒకసారి రాసి వదిలేశాడు. బండి చప్పుడు లేకుండా రోడ్డెక్కి, కాలవ వంతెన దాటి, కొబ్బరి చెట్ల వెనక్కి తిరిగిపోయింది.

వీరబ్రహ్మం పనిముట్లన్నీ తుడిచి వాటి వాటి చోట్లలో పెట్టాడు. బేసిన్ కడిగాడు. గోనెపట్టా దులిపి మడిచి, దాన్ని పెట్టడానికి ముక్కాలి పీట దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. అడుగున అంటించిన నంబరు చీటీ కూడా ఊడని కొత్త ఎడమ చెప్పు, కాగితం మీద, ముందు కొస రోడ్డు వైపుకు తిరిగి, పీట పక్కనే ఉంది.