ఏడు కుర్చీల బల్ల

బాబాయికి ఒక జబ్బుంది. ఎక్కడ మనుషుల్ని లెక్కపెట్టినా తనని వదిలేసి లెక్కపెడతాడు. ఇంట్లో అయిదుగురూ కలిసి హోటల్‌కి వెళ్తే నాలుగు ప్లేట్లు చెప్పి, అయిదో ప్లేటు కోసం మళ్ళీ తనే లేచి వెళ్తాడు. చెప్పీ చెప్పీ పిన్ని నోరు నొప్పెట్టి ఊరుకుంది. ఉద్యోగం నేర్పిన జబ్బు అది. ముప్ఫై ఏళ్ళుగా ఒకే కంపెనీలో, మీటింగు జరిగినప్పుడల్లా మూల కుర్చీలో కూర్చుని ఎవరేమన్నారో రాసిపెట్టడమే ఆయన పని. ఆ కాగితాల పైన ‘హాజరైనవారు’ అనే జాబితాలో రాసేవాడి పేరు రాసుకోవడం ఆ ఆఫీసులో ఆనవాయితీ కాదు.

ఆయన వదినగారి కూతురు ఆఫీసు బల్లలు, కుర్చీలు డిజైన్ చేస్తుంది. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆమెకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. తిన్నదీ తెలియదు, తిననిదీ తెలియదు. చూడలేక బాబాయే తన కంపెనీ ఎండీని బతిమాలి, కొత్త మీటింగ్ గది పని ఆమెకి ఇప్పించాడు.

“పనిలో పడు తల్లీ, మనసు అదే కుదుటపడుతుంది” అన్నాడు ఫోన్లో.

“సరే బాబాయ్. ఎంతమంది కూర్చుంటారు?”

“ఏడుగురమ్మా.”

ఏడు అని రాసుకుంది. అడిగేముందు, అడుగుతున్నది ఎవర్నో గుర్తుండొద్దూ? ఆమెకి అప్పుడు ఏదీ గుర్తుండేది కాదు.

వీడియో మీటింగుల గదికి మామూలు పొడుగుబల్ల పనికిరాదు. ముందువాడి తల వెనకవాడికి అడ్డమొచ్చి, కెమెరాకి సగంమంది చెవులే కనిపిస్తాయి. అందుకని తెర వైపు వెడల్పుగా, పోనుపోను సన్నబడేలా గీసింది. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, సన్నటి కొసన ఎండీ. ఒక్కొక్కరి ముందు చెక్కలో ఒదిగిన మైకు. వైర్లన్నీ బల్ల కాలి లోపలినుంచి నేల కిందికి.

మాటలు విని తనే రాసిపెట్టే మెషీను కూడా కొంటున్నారని తెలిసినా బాబాయి బెదరలేదు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది.

“గదిలో కుర్చీ ఉన్నంతకాలం నువ్వుంటావు పోవయ్యా అన్నాడు ఎండీ. నాకేం భయం!”

బల్ల బిగించిన రోజు, కెమెరా చూడ్డానికి ఆయన్నే ఒక్కో కుర్చీలో కూర్చోబెట్టింది. ఏడింటిలోనూ మొహం చక్కగా పడింది. ఆ పని అయ్యాక బాబాయి అలవాటుగా పుస్తకం చంకలో పెట్టుకుని తెర పక్క మూలకి నడిచాడు. అక్కడ ఆయన పాత కుర్చీ లేదు, మెషీన్ల బీరువా ఉంది. పుస్తకం దాని మీద పెట్టాడు, తీశాడు.

“నాదెక్కడమ్మా?”

“ఏడన్నావు కదా బాబాయ్.”

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. “నా మతి మండ! నన్ను మర్చిపోయాను.” నవ్వబోయాడు గానీ, నవ్వు రాలేదు.

గోడవార ఇంకో కుర్చీ వేయొచ్చు. ఎండీకి ఒక్క మాట చెబితే చాలు. అంతలో ఎండీయే తలుపులోంచి తొంగిచూశాడు.

“ఏమ్మా, అందరికీ సరిపోయాయా?”

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. భయమా అంటే భయం కాదు, బాధా కాదు. ఎవరో ఎవర్నో అడుగుతున్నట్టుంది.

“సరిపోయాయి సార్. మా అమ్మాయి భేషుగ్గా చేసింది” అన్నాడు బాబాయి.

ఆమె రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది ఇలాంటప్పుడు. కానీ వాయించినా ఆమెకి తెలిసేది కాదు.

ఆ నెలాఖరుకే బాబాయిని ఇంటికి పంపేశారు.

మైకులు సరిగా పనిచేశాయో లేదో చూసి, తప్పులుంటే దిద్ది పంపమని, బాబాయి ఇంకా ఉండగా ఆ గదిలో జరిగిన మొదటి మీటింగు కాగితాలు ఆమెకి పంపారు. మెషీను రాసినవి. పైనే ఉంది: ‘హాజరైనవారు: ఎనిమిది మంది.’

ఇదేం లెక్క, ఏడుగురే కదా అనుకుంది. కిందికి వెళ్ళింది. ఏడు పేర్లున్నాయి. ఎనిమిదో చోట ‘గుర్తు తెలియని వ్యక్తి’ అనుంది. ఆ వ్యక్తి మీటింగు మొత్తంలో ఒక్కసారే, మొదట్లోనే మాట్లాడాడు.

“అందరూ వచ్చేశారు సార్. తలుపు వేసి వెళ్తాను.”

ఆమె చాలాసేపు ఆ వాక్యం దగ్గరే ఉండిపోయింది. కాగితం మసకబారింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మసకబారింది. అమ్మ పోయినప్పుడు రాని ఏడుపు అది.

తర్వాత ఒక్క తప్పే దిద్దింది. ‘గుర్తు తెలియని వ్యక్తి’ తీసేసి, ఆ చోట ‘మా బాబాయి’ అని రాసి పంపింది.