బెరడు కింది గీతలు

కర్టెన్ బట్టల మిల్లులో ఇరవై ఏళ్లుగా డిజైన్లు గీస్తున్న వదినకు, పక్క బల్ల దగ్గర కూర్చునే ఆడపడుచు మీద అనుమానం పుట్టింది. పువ్వులూ తీగలూ తప్ప గీయడం రాని పిల్ల, మూడు నెలలుగా ఎక్కడా చూడని గీతలు తెస్తోంది. మేనేజరు మారుమాట లేకుండా సరే అంటున్నాడు. ఈ డిజైను ఎక్కణ్ణుంచి వచ్చిందే అని అడిగితే, ఊరికే తోచింది వదినా అంటుంది గానీ కళ్లు కలపదు.

పైగా ప్రతి గురువారం మధ్యాహ్నం పన్ను నొప్పంటూ బయటికి పోతోంది. ఇంటికొచ్చి మాత్రం వేయించిన గింజలు కటకటా నములుతోంది. ఎవరో అవతలి మిల్లు డిజైన్లు చేరవేస్తుంటే ఈ పిల్ల వాటినే దించుతోందని వదిన నమ్మేసింది. ఓ గురువారం పొద్దున ఆ మాట మేనేజరు చెవిన వేసింది. ఆయన ప్రింటింగుకు వెళ్లాల్సిన ఆ పిల్ల కొత్త డిజైను ఆపేశాడు.

ఆ మధ్యాహ్నం వదిన వెంటపడింది. ఆడపడుచు రెండు వీధులు దాటి పాత లైబ్రరీలోకి వెళ్లింది. ఎవరో వచ్చి చేతిలో కవరు పెడతారని వదిన బీరువాల చాటున కాపు కాసింది. ఎవరూ రాలేదు. ఆ పిల్ల లావుపాటి పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ నోటుబుక్కులో ఏదో గీసుకుంటోంది.

వదిన వెనకగా వెళ్లి తొంగిచూసింది. అది చెట్లను తొలిచే పురుగుల పుస్తకం. బెరడు ఒలిచిన మొద్దు ఫోటో, దాని మీద పురుగులు చేసిన సన్నటి దారులు. మేనేజరు ఆపిన డిజైనుకు మూలం అదే.

"ఇందులో దాచడానికేముందే?"

ఆడపడుచు ఉలిక్కిపడి పుస్తకం మూయబోయి ఆగింది. "పురుగుల్ని చూసి కర్టెన్లు గీస్తున్నానంటే ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వుతావు. పోయిన నెలది పళ్ల డాక్టర్లు చదివే పుస్తకంలోంచి వచ్చింది. పన్ను నొప్పి మరీ అంత అబద్ధమేం కాదు వదినా."

వదినకు నవ్వు రాలేదు. పొద్దున మేనేజరు దగ్గర చేసిన నిర్వాకం చెప్పేసింది. ఆ పిల్ల పుస్తకం తీసుకుని లేచి మిల్లు దారి పట్టింది.

తప్పు తనదేనని వదిన మేనేజరు ముందు ఒప్పుకుంది. ఆయనకు ఇద్దరి మీదా నమ్మకం పోయినట్టుంది. ఫోటోనూ డిజైనునూ పక్కపక్కన పెట్టి, భూతద్దంతో ఒక్కో గీతా చూశాడు. ఫోటోలో అంతా గజిబిజి. డిజైనులో ఆ దారులే కుదురుగా పైకి సాగి, కర్టెన్ మడతల్లో ఒదిగేలా ఉన్నాయి. చివరికి ప్రింటింగుకు పంపమన్నాడు. కొనేవాళ్ల దగ్గర పురుగుల ఊసు ఎత్తొద్దన్నాడు.

ఆడపడుచు వారంపాటు అవసరానికి మించి మాట్లాడలేదు. మళ్లీ గురువారం వచ్చేసరికి, నేనూ వస్తానంటూ వదిన లేచింది.

"పుస్తకాలు చూడ్డానికా, నన్ను చూడ్డానికా?"

"రెండూ," అంది వదిన, దాచకుండా.

ఆ పిల్ల సరే పదమంది. లైబ్రరీలో మాత్రం వేరే బల్ల వెతుక్కుని కూర్చుంది.